ఆఫ్రికా మ్యూజియంలలో అక్కడి జనం కనిపించాలంటే ఏం మారాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. తూర్పు ఆఫ్రికాలో ఉద్యోగం చేస్తున్నారు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని అక్కడి మ్యూజియంకి వెళ్ళారు. అద్దాల వెనక డోళ్ళు, ఈటెలు, ముసుగులు, పక్కన ఇంగ్లీషులో రెండు లైన్ల లేబుల్. మీతో వచ్చిన అక్కడి సహోద్యోగి "ఇవన్నీ మావే, కానీ ఇందులో మేం లేం" అన్నాడు. ఆ మాట మీకు మనసులో ఉండిపోయింది. లండన్, పారిస్‌లలో ఉన్న వస్తువులు తిరిగొస్తే సరిపోతుందా, ఇంకేమైనా కావాలా, బయటివాళ్ళం మనమేమైనా చేయగలమా అని అడిగారు.

సూటిగా చెప్తాను. వస్తువులు తిరిగి రావాలి, అందులో అనుమానం లేదు. కానీ దానితో సగం పని కూడా అవదు. ఒక వస్తువు గురించి నాలుగు నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారో చూడండి. దాన్ని ఏ పేరుతో పిలవాలి, ఎవరికి చూపించాలి, ఎప్పుడు బయటికి తియ్యాలి, దాని మీద వచ్చే డబ్బు ఎటు పోవాలి. ఈ నాలుగింట్లో ఆ వస్తువు చేసినవాళ్ళ పిల్లలకీ మనవలకీ మాట చెల్లితేనే అది వాళ్ళ మ్యూజియం. లేకపోతే బిల్డింగ్ ఎక్కడున్నా, డైరెక్టర్ ఏ రంగువాడైనా, మీ సహోద్యోగి అన్న మాటే మిగులుతుంది.

నేను హైదరాబాద్‌లో పాత వస్తువుల సంరక్షణ నేర్చుకున్నాను. తర్వాత పదకొండేళ్ళు కెన్యా, ఉగాండాల్లో చిన్న మ్యూజియంల స్టోర్‌రూముల్లో పనిచేశాను. శుభ్రం చెయ్యడం, పురుగు పట్టకుండా చూడడం, రిజిస్టర్ రాయడం నా పని. అందుకని సిద్ధాంతాల కంటే చేతికి తగిలిన సంగతులే ఎక్కువ చెప్తాను. మొదట నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

పాల బుర్ర

మొదటి ఏడాది. కెన్యా రిఫ్ట్ వ్యాలీలో ఒక చిన్న మ్యూజియం. స్టోర్‌లో ముప్ఫై దాకా పాల బుర్రలు ఉండేవి. ఎండబెట్టిన సొరబుర్ర, తోలు మూత, మెడ చుట్టూ గవ్వలు. కలెన్‌జిన్ జనం దీన్ని సోతెత్ అంటారు. ఇందులో పాలు పోసి రోజుల తరబడి పులియబెట్టి ముర్సిక్ చేస్తారు. పరుగు పందేల్లో పతకాలు గెలిచి వచ్చిన కెన్యా క్రీడాకారులకి ఎయిర్‌పోర్టులో దిగగానే తాగించేది అదే.

రిజిస్టర్‌లో ఇలా ఉంది: "పాల పాత్ర. సొరబుర్ర, తోలు. లోపల మసి." నేను చదువుకున్న చదువులో మసి అంటే మురికి. దూది చుట్టిన పుల్లలు, మెత్తటి బ్రష్షు పట్టుకుని వారం రోజులు కూర్చుని ఆరు బుర్రల్ని లోపలంతా శుభ్రం చేశాను. ముందు ఫోటో, తర్వాత ఫోటో, రిపోర్టు. పని బాగుందని మెచ్చుకున్నారు కూడా.

నెల తర్వాత దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దావిడ, మనవరాలి స్కూలు పిల్లలతో కలిసి వచ్చింది. ఒక బుర్ర ఆవిడ చేతికిచ్చాను. పైన గవ్వలు చూస్తుందనుకున్నాను. చూడలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంది. ఇంకొకటి ఇమ్మంది, అదీ వాసన చూసింది. మనవరాలితో వాళ్ళ భాషలో ఏదో అంది. ఆ పిల్ల నాకు చెప్పడానికి మొహమాటపడింది. రెండుసార్లు అడిగితే చెప్పింది: "వీటిని ఎవరు చంపారు అంటోంది."

నేను తుడిచేసింది మసి కాదు. సెనెత్‌వెత్ అనే చెట్టు కొమ్మని కాల్చి, ఆ కొసతో బుర్ర లోపలంతా రుద్ది, బొగ్గు పొడిని గోడలకి పట్టిస్తారు. ఆ చెట్టు మన తంగేడుకి దగ్గరి చుట్టం. పాలు చెడిపోకుండా కాపాడేది ఆ పూతే, ముర్సిక్‌కి ఆ బూడిద రంగు, ఆ వాసన ఇచ్చేది అదే. ఎవరి ఇంటి బుర్రో వాసనతోనే చెప్పొచ్చు అంది ఆవిడ. దాలి మీద రోజంతా కాగిన పాల వాసన తెలిసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఆ దుత్తని తీసుకెళ్ళి సబ్బుతో తోమి, తళతళలాడించి, "ఇదిగో మీ అమ్మమ్మ దుత్త" అని అద్దాల బీరువాలో పెట్టినట్టు, నేను చేసిన పని అది.

తర్వాత ఏం చేశామంటే, ఆవిడా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ వచ్చి రెండు బుర్రల్ని మళ్ళీ రుద్దారు. మిగిలిన నాలుగింటినీ అలాగే ఉంచి, ఏం జరిగిందో పక్కనే రాసిపెట్టాం. రిజిస్టర్‌లో "లోపల మసి" అన్నచోట చెట్టు పేరు, రుద్దే పుల్ల పేరు సోసియోత్, రుద్దినావిడ పేరు చేరాయి. పిల్లలు బుర్రని వాసన చూడొచ్చు అని ఒక బల్ల పెట్టాం. ఆ మ్యూజియంలో జనం ఎక్కువసేపు నిలబడేది ఆ బల్ల దగ్గరే. నా మటుకు నేను ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: వాడినవాళ్ళని అడగకుండా వస్తువు మీద చెయ్యి వెయ్యకూడదు.

ఇవి ఇలా ఎందుకు తయారయ్యాయి

ఉగాండా మ్యూజియం 1908లో మొదలైంది, తూర్పు ఆఫ్రికాలో అన్నిటికంటే పాతది. అక్కడి గాండా జనం దానికి పెట్టుకున్న పేరు "ఎన్యుంబా యా మాయెంబే", అంటే కొమ్ముల ఇల్లు. మామూలు కొమ్ములు కావు, దేవతలు పూనే కొమ్ములు, తాయెత్తులు. తమ ఇళ్ళలోంచీ గుళ్ళలోంచీ పోయిన శక్తులన్నిటినీ దొరలు ఒకచోట పోగేశారని జనం దాన్ని అలా పిలిచారు. నైరోబీ మ్యూజియం ప్రకృతి శాస్త్రం మీద మోజున్న తెల్లవాళ్ళ సంఘంలోంచి పుట్టింది. 1930లో కొత్త భవనంలోకి వచ్చినప్పుడు దానికి గవర్నర్ కోరిండన్ పేరు పెట్టారు. అంటే పక్షులు, సీతాకోకచిలుకలు, మనుషులు అన్నీ ఒకే చూపు కింద చేరాయి.

ఆ చూపు ఎంత దూరం వెళ్ళిందో కేప్‌టౌన్‌లో తెలుస్తుంది. అక్కడ 1960లలో తెల్లవాళ్ళ చరిత్రకి వేరే మ్యూజియం పెట్టారు. అక్కడి ఆదివాసులైన శాన్, ఖోయ్ జనాల (ఇద్దర్నీ కలిపి ఖోయ్‌శాన్ అంటారు) వస్తువులు మాత్రం జంతువులున్న సౌత్ ఆఫ్రికన్ మ్యూజియంలోనే ఉండిపోయాయి. 20వ శతాబ్దం మొదట్లో బతికున్న మనుషుల ఒంటి మీద ప్లాస్టర్ పోసి తీసిన అచ్చులతో అడవిలో శాన్ జనం బతుకు అని ఒక దృశ్యం పెట్టారు. అది చూడడానికి స్కూలు బస్సులు కట్టుకుని వచ్చేవాళ్ళు. దాన్ని జనం కళ్ళ ముందు నుంచి తప్పించింది 2001లో. మూసేటప్పుడు ఖోయ్‌శాన్ వాళ్ళలోనే కొందరు వద్దన్నారు, మా పూర్వీకుల ముఖాలు కనిపించేది అక్కడొక్కచోటే కదా అని. ఆ మాట నేను మర్చిపోలేను. మనుషుల్ని అంత అవమానంగా చూపించిన చోటు తప్ప ఇంకెక్కడా వాళ్ళకి చోటు లేకపోయింది.

అన్నీ ఇలాగే జరిగాయని కూడా అనను. 1948 నుంచి దాదాపు పదేళ్ళు ఉగాండా మ్యూజియం చూసుకున్న క్లాస్ వాక్స్‌మన్ జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన సంగీత పండితుడు. ఆయన వాద్యాలని అద్దాల వెనక పెట్టి ఊరుకోలేదు, వాయించేవాళ్ళని ఉద్యోగంలో పెట్టాడు. చూడడానికి వచ్చినవాళ్ళు డోలు విని వెళ్ళేవాళ్ళు. గాండా జనం రాజ్యమైన బుగాండాలో ఒక్కో వంశానికి ఒక్కో దరువు ఉంటుంది, ఆ దరువుకి మాటలు కూడా ఉంటాయి. వినగానే ఎవరి వంశమో తెలిసిపోతుంది. ఆ డోలు పక్కన "డోలు, చెక్క, తోలు" అని రాస్తే ఏమీ రాయనట్టే.

స్వాహిలీలో మ్యూజియంని "మకుంబుషో" అంటారు. కుంబుషా అంటే గుర్తు చెయ్యడం. మనం ప్రదర్శనశాల అంటాం, హైదరాబాద్‌లో అజాయబ్‌ఘర్ అనేవాళ్ళు, అంటే వింతల ఇల్లు. వాళ్ళ మాటలో గుర్తుచేసే చోటు అన్న అర్థం ఉంది. దార్ ఎస్ సలామ్‌లో విలేజ్ మ్యూజియం ఉంది, అక్కడ టాంజానియాలోని వేరువేరు జనాల ఇళ్ళు కట్టి ఉంటాయి. 1990ల నుంచి అక్కడ ఒక్కో జనానికి కొన్ని రోజులు అప్పగించే పద్ధతి పెట్టారు. ఏం వండాలి, ఏం ఆడాలి, ఏం చూపించాలి అన్నది వచ్చినవాళ్ళే తేల్చుకుంటారు. నగరంలో పుట్టిన పిల్లలు తమ తాతల పెళ్ళి తంతు అక్కడ చూసి నేర్చుకోవడం నేను కళ్ళారా చూశాను.

తిరిగొస్తే సరిపోతుందా?

2018లో సెనెగల్ ఆర్థికవేత్త ఫెల్విన్ సార్, ఫ్రెంచి కళాచరిత్రకారిణి బెనెడిక్ట్ సవాయ్ ఇద్దరూ ఫ్రాన్స్ అధ్యక్షుడికి ఇచ్చిన నివేదిక లెక్క ప్రకారం, సహారాకి దక్షిణాన ఉన్న ఆఫ్రికా వస్తువులు ఫ్రాన్స్ ప్రభుత్వ సేకరణల్లోనే దాదాపు 90,000. అందులో 70,000 పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం ఒక్కదాంట్లోనే ఉన్నాయి. 1892లో అబోమే రాజభవనం నుంచి ఫ్రెంచి సైన్యం ఎత్తుకెళ్ళిన వాటిలో 26 వస్తువులు 2021 నవంబరులో బెనిన్ దేశానికి తిరిగొచ్చాయి. మరుసటి ఏడాది కొటోనూలో అధ్యక్ష భవనంలోనే వాటిని ప్రదర్శించారు. లక్షల్లో జనం వచ్చారు. సింహాసనాల ముందు జనం మోకాళ్ళ మీద కూర్చున్నారు, ఏడ్చారు. ఆఫ్రికా వాళ్ళకి మ్యూజియంల మీద ఆసక్తి లేదు అని ఎవరైనా అంటే ఆ క్యూలు చూపించండి.

అమరావతి స్తూపం శిల్పాలు 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనవాళ్ళు లండన్ వెళ్ళి వాటి ముందు నిలబడినప్పుడు గొంతు పట్టేసినట్టు అవుతుంది కదా. అందుకే తిరిగి ఇవ్వడం చిన్న విషయం అని నేను ఎప్పుడూ అనను.

కానీ తిరిగొచ్చాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఎవరి దగ్గరికి రావాలి? 1897లో బ్రిటిష్ సైన్యం బెనిన్ నగరం నుంచి (ఇది నైజీరియాలోది, పైన చెప్పిన బెనిన్ దేశం వేరు) వేలకొద్దీ ఇత్తడి పలకలు, విగ్రహాలు దోచుకెళ్ళింది. జర్మనీ 2022లో కొన్నిటిని తెచ్చి ఇచ్చింది. 2023 మార్చిలో నైజీరియా అధ్యక్షుడు వాటికి యజమాని ఒబా, అంటే అక్కడి రాజు, అని ప్రకటించాడు. యూరప్‌లో కొందరు గగ్గోలు పెట్టారు, దేశానికిచ్చాం అనుకుంటే రాజుకి పోయాయే అని. నాకు ఆ గగ్గోలు నచ్చలేదు. అవి పోయింది ఆ రాజభవనం నుంచే. ఆ పోత పోసే వంశాలవాళ్ళు ఇప్పటికీ బెనిన్ నగరంలో ఇగూన్ వీధిలో పోత పోస్తూనే ఉన్నారు. అదే సమయంలో రాజు ఒక్కడిదే మాట అయితే ఆ వీధిలో పనిచేసేవాడి మాట ఎవరు వింటారు అన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. దాన్ని తేల్చుకోవాల్సింది మాత్రం వాళ్ళు.

ఘనాలో ఇంకో రకం. చాలావరకు 1874 యుద్ధంలోనూ ఆ తర్వాతా పోయిన అశాంతే బంగారు నగలు, రాజచిహ్నాలు 32 వస్తువులు 2024లో కుమాసీలోని మన్‌హియా ప్యాలెస్ మ్యూజియంకి వచ్చాయి, అప్పుగా, మూడేళ్ళకి. బ్రిటన్ చట్టం ప్రకారం అక్కడి జాతీయ మ్యూజియంలు వస్తువుల్ని శాశ్వతంగా వదులుకోవడం చాలా కష్టం. మన ఇంట్లోంచి పోయిన నగని మనకే అప్పుగా ఇస్తే తీసుకోవాలా వద్దా? వాళ్ళు తీసుకున్నారు. తాతముత్తాతల వస్తువుని చూడకుండా ఇంకో తరం పోవడం కంటే ఇదే నయం అనుకున్నారు. దూరంగా కూర్చుని అది తప్పని అనే హక్కు నాకు లేదు.

నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి

మాలిలో డోగోన్ ప్రాంతంలో ఫోంబోరి అని ఒక ఊరు. పంట పోయిన ఏడు పాత వస్తువులు కొనే దళారులు వచ్చి తాతల కాలం నాటి విగ్రహాలు, నగలు, నేత బట్టలు చవగ్గా పట్టుకుపోయేవాళ్ళు. పోలీసుల్ని పెట్టినా ఆగేది కాదు, ఎందుకంటే అమ్మేది ఆకలితో. 1997లో అక్కడ "సంస్కృతి బ్యాంకు" మొదలైంది. ఇంట్లో ఉన్న పాత వస్తువు తెచ్చి ఊరి మ్యూజియంలో పెట్టాలి. దాని మీద చిన్న అప్పు ఇస్తారు. అప్పు తీరిస్తే మళ్ళీ అప్పు పుడుతుంది. వస్తువు మాత్రం ఎప్పటికీ ఆ ఇంటివాళ్ళదే, పండగకో తంతుకో కావాలంటే తీసుకెళ్తారు.

ఇందులో నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. అప్పు ఎంత ఇవ్వాలన్నది బజారు ధరని బట్టి కాదు, ఆ వస్తువు గురించి యజమాని ఎంత కథ చెప్పగలిగితే అంత. ఎవరు చేశారు, ఎవరి పెళ్ళికి, ఏ కరువులో దాన్ని దాచారు, ఎప్పుడు వాడతారు. దాంతో జనం ఇంట్లో ముసలివాళ్ళ దగ్గర కూర్చుని అడగడం మొదలుపెట్టారు. కథ తెలిసిన ముసలమ్మకి ఇంట్లో విలువ పెరిగింది. మామూలు తాకట్టు కొట్టు తెలిసిన మనకి ఇది ఎంత పెద్ద మార్పో తెలుస్తుంది, అక్కడ తూకం వేసేది బంగారాన్ని, ఇక్కడ తూకం వేసేది జ్ఞాపకాన్ని. అప్పుతో ఆడవాళ్ళు చిన్న వ్యాపారాలు పెట్టుకున్నారు, లాభంలో కొంత మ్యూజియం ఖర్చులకి పోయింది. 2012 తర్వాత మాలిలో మొదలైన హింస ఆ ప్రాంతాన్ని బాగా దెబ్బతీసింది. అయినా మ్యూజియం అంటే ఏంటో నాకు నేర్పింది ఎవరంటే ఫోంబోరి పేరే చెప్తాను.

మాలికే చెందిన అల్ఫా ఉమర్ కొనారే అంతర్జాతీయ మ్యూజియంల మండలికి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1991లో, ఆఫ్రికాలో పాశ్చాత్య మ్యూజియం నమూనాని చంపెయ్యాలి అన్నాడు. మరుసటి ఏడాది ఆయనే దేశాధ్యక్షుడయ్యాడు. ఆ మాటకి మట్టి ఇల్లంత రూపం ఎక్కడైనా వచ్చిందంటే ఇలాంటి ఊళ్ళలోనే.

ఇంకో దారి కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం. 1966లో ఆ పేటని తెల్లవాళ్ళకి మాత్రమే అని ప్రకటించి, తర్వాతి ఏళ్ళలో 60,000 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించి, ఇళ్ళు కూల్చేశారు. 1994లో ఒక పాత చర్చిలో మ్యూజియం పెట్టారు. నేల మీద ఆ పేట మ్యాప్ పరిచి ఉంటుంది. అక్కడ బతికినవాళ్ళు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తమ ఇల్లు ఎక్కడో పేరు రాస్తారు. పైనుంచి పాత వీధుల పేర్ల బోర్డులు వేలాడుతుంటాయి. కూల్చే పనిలో ఉన్న ఒక మేస్త్రీ వాటిని పారెయ్యకుండా ఇంట్లో ఏళ్ళ తరబడి దాచాడు. తిప్పి చూపించే గైడ్లు ఆ పేటలోంచి వెళ్ళగొట్టబడినవాళ్ళే. ఖరీదైన వస్తువు ఒక్కటి లేదు, కానీ అడుగు పెట్టిన పది నిమిషాల్లో ఇది ఎవరి చోటో తెలిసిపోతుంది.

జాగ్రత్తలు

*"సమాజం" అంటే ఎవరు?* ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మేం ఒకచోట పెద్దమనుషుల మీటింగ్ పెట్టాం. పద్నాలుగు మంది వచ్చారు, అందరూ మగవాళ్ళు. మాట్లాడాల్సింది బుర్రలు, పూసలు, తోలు బట్టల గురించి. అవన్నీ చేసేది ఆడవాళ్ళు. వాళ్ళు ఎందుకు రాలేదని అడిగితే తేలింది, మేం పెట్టిన టైము పొద్దున తొమ్మిది, అది వాళ్ళు నీళ్ళకి వెళ్ళే టైము. మధ్యాహ్నం మూడుకి మార్చాం. ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చారు, చంటిపిల్లలతో సహా. అంతకుముందు మగవాళ్ళు చెప్పినదాంట్లో సగం తప్పని తేలింది. ఒక పూసల హారం గురించి మూడు ఇళ్ళవాళ్ళు మూడు కథలు చెప్పారు. మూడూ రాసిపెట్టాం, ఎవరు చెప్పారో పేరుతో.

పెద్ద రాజ్యాల చరిత్ర చూపించి ఆఫ్రికా సంస్కృతి చూపించాం అనుకోవడం కూడా ఇలాంటిదే. ఉగాండాలో బాత్వా జనం అడవిలో బతికేవాళ్ళు. 1991లో బ్విండీ, మ్గహింగా అడవుల్ని నేషనల్ పార్కులు చేసినప్పుడు వాళ్ళని బయటికి పంపేశారు, భూమి ఇవ్వలేదు. మ్యూజియం గోడ మీద వాళ్ళ గురించి విల్లు, బాణం, గుడిసె ఉంటే చాలదు. 1991 కూడా ఉండాలి.

*అన్నీ చూపించకూడదు.* కెన్యా తీరంలో మిజికెండా జనం చనిపోయిన పెద్దల కోసం చెక్కిన స్తంభాలు నిలబెడతారు, విగాంగో అంటారు. అవి ఎండకీ వానకీ నిలబడి, చెదలు పట్టి, మట్టిలో కలిసిపోవాలి. కదిలించకూడదు. 1980లలో దొంగలు వాటిని పెరికి అమ్మితే అమెరికాలోని మ్యూజియంలకీ ఇళ్ళకీ చేరాయి. ఒక కుటుంబం నుంచి పోయిన రెండింటిని, ఒక పరిశోధకురాలు అంతకుముందు తీసిన ఫోటో ఆధారంగా గుర్తుపట్టి, 2007లో ఆ ఇంటికే తిరిగి చేర్చారు. నాలాంటివాళ్ళకి ఇది పెద్ద పరీక్ష. చెక్క కుళ్ళకుండా ఆపడం నా వృత్తి. ఆ స్తంభాన్ని గౌరవించడం అంటే కుళ్ళనివ్వడం. ఇప్పుడు నన్ను అడిగితే కుళ్ళనివ్వమనే చెప్తాను.

*విషం.* దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. పురుగు పట్టకుండా పాతకాలం మ్యూజియంలలో పాషాణం, పాదరసం లవణాలు, తర్వాత డీడీటీ వస్తువులకి పూసేవాళ్ళు. తిరిగొచ్చిన ముసుగుని ముఖానికి పెట్టుకుని పండగలో ఆడితే, ఆ పొడి నోట్లోకి, కళ్ళలోకి పోతుంది. వస్తువు వాడకంలోకి వెళ్ళే ముందు ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్ష (ఎక్స్-రేలతో వస్తువులో ఏ మూలకాలున్నాయో చూసేది) చేయించాలి, దాంతో పాషాణం, పాదరసం ఉన్నాయో లేదో తెలుస్తుంది. డీడీటీలాంటి వాటికి వేరే పరీక్ష కావాలి. ఇచ్చే మ్యూజియం ఏం పూసిందో పాత రికార్డులు రాతపూర్వకంగా ఇవ్వాలి. పూసినవాళ్ళు వాళ్ళే కాబట్టి ఆ పరీక్షల ఖర్చు కూడా వాళ్ళే పెట్టుకోవాలి.

*వస్తువు బయటికి వెళ్ళొచ్చా?* వెళ్ళాలి. కామెరూన్‌లో ఫుంబాన్ సుల్తాన్ మ్యూజియంలోని వస్తువులు న్గువోన్ పండగకి బయటికి వస్తాయి, అయిపోయాక లోపలికి వెళ్తాయి. మన గుళ్ళలో ఉత్సవ విగ్రహాలు ఊరేగి వచ్చినట్టే. కొంత అరుగుతాయి, ఒక గవ్వ ఊడుతుంది. ఊడిన గవ్వని కుట్టడం వచ్చినవాళ్ళు ఊళ్ళో ఉండడమే అసలైన సంరక్షణ.

*డబ్బు.* విదేశీ ప్రాజెక్టు మూడేళ్ళు నడుస్తుంది, బోర్డు పడుతుంది, ఫోటోలు పడతాయి, తర్వాత కరెంటు బిల్లు కట్టేవాడు ఉండడు. ఏసీ మీద ఆధారపడే గ్యాలరీ కంటే గాలి వెలుతురు బాగా ఆడే మామూలు కట్టడం మేలు. ముసలావిడ రోజంతా కూర్చుని చెప్పిన కథకి బస్సు చార్జీ, భోజనం పెట్టి పంపించడం అన్యాయం. సలహాకి వచ్చిన ప్రొఫెసర్‌కి ఇచ్చినట్టే ఆవిడకీ రోజుకింత అని ఇవ్వాలి. నేను పనిచేసిన ఒకచోట దీనికోసం ఏడాదిన్నర పోట్లాడాల్సి వచ్చింది.

*గొడవలు రేపకుండా.* ఒక తెగకి ఒక బీరువా అని పెడితే, పక్కవాళ్ళతో పెళ్ళిళ్ళు, సంతలు, అరువులు అన్నీ మాయమైపోతాయి. భారతీయ మూలాలున్న కెన్యా పరిశోధకుడు సుల్తాన్ సోమ్జీ 1990లలో, తెగల మధ్య కొట్లాటలు జరుగుతున్నప్పుడు, ఊళ్ళలో శాంతి మ్యూజియంలు మొదలుపెట్టించాడు. అక్కడ పెట్టేది రాజీకి వాడే వస్తువులు. పోకోట్ స్త్రీలు కడుపుతో ఉన్నప్పుడు నడుముకి కట్టుకునే గవ్వల పట్టీ ఉంటుంది, లేకెత్యో అంటారు. కొట్టుకుంటున్న మగవాళ్ళ మధ్య తల్లి దాన్ని విప్పి పడేస్తే ఇక ఎవరూ దాన్ని దాటి చెయ్యి ఎత్తకూడదు. ఆ పట్టీని "నగ, గవ్వలు, తోలు" అని రాసిన లేబుల్ నేను చూశాను.

బయటివాళ్ళం మనమేం చెయ్యగలం?

మీరు ఆ ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి చాలా చెయ్యొచ్చు. ఈసారి వెళ్ళినప్పుడు సలహాల పుస్తకంలో, లేబుళ్ళు అక్కడి భాషలో ఎందుకు లేవు అని రాయండి. సందర్శకులు రాసింది బడ్జెట్ మీటింగుల్లో చూపిస్తారు, నేనే చూపించాను. రాజధానిలో పెద్ద మ్యూజియం ఒక్కటే కాకుండా, ఊళ్ళలో కుటుంబాలు, స్కూలు మాస్టర్లు నడిపే చిన్న సమాజ మ్యూజియంలు ఉగాండా, కెన్యాల్లో చాలా ఉన్నాయి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి, టికెట్ కొనండి, అక్కడ చేసినవే కొనండి. ఎయిర్‌పోర్టులో, బజార్లో "చాలా పాతది" అని చెప్పి అమ్మే విగ్రహాలు, స్తంభాలు మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. నిజంగా పాతదైతే అది ఎవరి ఇంట్లోంచో పెరికింది. మీ ఆఫీసు ఐటీది అయితే ఇంకో పని ఉంది. చాలా చిన్న మ్యూజియంల రిజిస్టర్లు ఇప్పటికీ ఒక్క కాపీ నోటుపుస్తకాలే. వాటిని స్కాన్ చేసి రెండు చోట్ల భద్రపరిచే పని వారాంతాల్లో చేసిపెట్టొచ్చు, వాళ్ళ అనుమతితో, ఫైళ్ళు వాళ్ళ దగ్గరే ఉండేలా.

మీ సహోద్యోగిని మళ్ళీ తీసుకెళ్ళండి, ఈసారి వాళ్ళ అమ్మనో నాయనమ్మనో కూడా రమ్మనండి. క్యూరేటర్‌కి ముందే ఫోన్ చేసి, వాళ్ళ ప్రాంతం వస్తువులు స్టోర్‌లోవి చూడొచ్చా అని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు, అడిగేవాళ్ళు లేక తలుపులు మూసి ఉంటాయంతే. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి, వాళ్ళ భాషలోనే, మధ్యలో ఆపి అనువాదం అడక్కుండా. అయ్యాక ఒక కాపీ ఆ ఇంటికి, ఒకటి మ్యూజియంకి ఇవ్వండి. ఏదైనా బుర్రో బుట్టో ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఏం వాసన వస్తోందో తప్పకుండా అడగండి.